నిధుల వేట - కాయక నిష్ఠ

భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున, దుమ్ముగూడెము మండలములో, గోదావరి ఒడ్డున పర్ణశాల అను గ్రామము కలదు. సీతారాములు వనవాసకాలమున అక్కడ నివసించిరనియు, మారీచుడు బంగారు లేడియై ఆ చెట్ల నడుమనే తిరిగెననియు జనుల విశ్వాసము. యాత్రికులు భద్రాద్రి రాముని సేవించిన పిదప అక్కడికి పోయి, ఆ కథ విని, సీతమ్మ నారచీరలు ఆరవేసెనను రాళ్లను చూచి తిరిగి వత్తురు. బంగారు లేడి లోకమున పుట్టదని రామునికి తెలియదా అని వినువారిలో ఎవరో ఒకరు అడుగకమానరు. తెలిసియే పోయెనని పౌరాణికులు సమాధానము చెప్పుదురు. ఆ అడవిలో నేటికిని బంగారు లేడి వెంట పరుగెత్తువారికి మాత్రము ఆ సమాధానము వర్తింపదు.

ఖమ్మము మొదలు భద్రాచలము వరకును, అక్కడినుండి గోదావరి సన్నగిల్లి పారు పాపికొండల లోయ వరకును గల అడవి అంచు గ్రామములలో గుప్తనిధుల మాట వినని యిల్లు అరుదు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైనప్పుడు కాకతీయుల ధనము అడవులకు చేరెనని యొకరందురు. సంస్థానాధీశులు పాతిపెట్టిరని వేరొకరందురు. ఏ గుట్టమీద రెండు రాళ్లు ఒకదానిపై నొకటి నిలిచియున్నను అది గుర్తు. ఏ బండమీద పాము బొమ్మ చెక్కియున్నను అది కావలి. ఇట్లు ఆ ప్రాంతపు గుట్టలన్నియు పెట్టెలైనవి, తాళపుచెవి మాత్రము ఎవరికిని చిక్కలేదు.

ఈ మాట పూర్తిగా గాలిలో పుట్టినదని చెప్పుట న్యాయము కాదు. ధనము దాచుటకు వేరు చోటు లేని కాలమున భూమియే పెట్టె. కరవునకో దండయాత్రకో భయపడి యిల్లు విడిచినవాడు తిరిగి రానిచో, పొయ్యి ప్రక్కన పాతిన కుండ అక్కడనే నిలిచిపోయెడిది. అట్టి నాణెముల కుండలు తెలుగునాట పలుమార్లు బయటపడినవి. అయితే వానిని కనుగొనిన వారిలో పెక్కుమంది వెదకినవారు కారు. పొలము దున్నినవారు, బావి త్రవ్వినవారు, ఇంటికి పునాది తీసినవారు. పని చేయుచుండగా దొరకినదే గాని, పని మాని వెదకగా దొరకినది కాదు.

వెదకువాని దారి వేరు. అతడు ముందుగా అంజనము వేయించును. తమలపాకులో ఏదో కనబడెనని అంజనము వేసినవాడు చెప్పును. తరువాత అమావాస్య, నిమ్మకాయలు, పసుపు కుంకుమలు, నల్లకోడి. మొదటి రాత్రి ఏమియు దొరకదు. నిధికి కావలియున్న భూతము అలిగినదని చెప్పి మరియొక పూజకు సొమ్ము అడుగుదురు. కాడెద్దులలో ఒకటి సంతకు పోవును. రెండవ పూజ తరువాత నిధి అడుగున నాలుగు బారలు క్రుంగిపోయెనందురు. రెండవ యెద్దు పోవును. మూడవ పూజ నాటికి ఇల్లాలి పుస్తెలతాడు కుదువకు చేరును. ఈ క్రమములో ఒక్క సంగతి గమనింపదగినది. మంత్రగాడు ఏనాడును నిధిలో భాగమునకై కాచుకొనియుండడు, ఖర్చు ముందుగానే పుచ్చుకొనును. నిధి యున్నదని అతనికే నమ్మకము లేదనుటకు వేరు సాక్ష్యమెందుకు? ఆశ ఇంకను ముదిరినచోట నరబలి వార్తలు కూడ పత్రికల కెక్కినవి. వానిని ఇక్కడ వర్ణింపనక్కరలేదు.

వీరశైవ కుటుంబములు ఈ విషయమున ప్రత్యేకముగా ఆలోచింపవలసిన కారణమొకటి కలదు. ఈ వేటగాండ్ర గునపము ఎక్కువగా దిగునది శివాలయములలోనే. ఖమ్మము జిల్లా కూసుమంచిలోని గణపేశ్వరాలయము వంటి కాకతీయుల నాటి గుడులు కొన్ని నిలిచియున్నవి. పేరు కూడ మరచిపోయిన చిన్న గుడులు, పూజలేక, తలుపులేక, చెట్ల వేళ్లు చొచ్చి, అడవి అంచులలో ఇంకను ఎన్నో కలవు. పానవట్టమును పెకలింతురు, లింగము క్రింద గొయ్యి తీయుదురు, నందిని ప్రక్కకు దొర్లించి కడుపు పగులగొట్టుదురు. ప్రతిష్ఠాకాలమున పీఠము క్రింద నవరత్నముల ముక్కలు, లోహపు తునుకలు వేయు ఆచారము పూర్వము నుండి కలదు. అది పిడికెడైనను ఉండదు. ఆ పిడికెడు మాట నోట నోట పెరిగి ఏడు కొప్పెరల బంగారమైనది.

నంది యనగా ఎవరు? బసవేశ్వరుడు నందీశ్వరుని అవతారమని పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చాటెను. ఆ పురాణము తెలుగు ద్విపదలో, తెలుగు జనులకై, ఈ ఓరుగంటి సీమ కవియే వ్రాసినది. ఇంటిలో ఆ గ్రంథమును పీటపై నుంచి పూజించి, రాత్రివేళ నంది కడుపు క్రింద గునపము దింపువానితో చేయి కలుపుట ఎట్టి భక్తి యగును?

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. వీరశైవునకు ఇష్టలింగమే దైవము, దేహమే దేవాలయము. స్థావరలింగము చెడినను వానికి కొరత యేమి? మాట తత్త్వమునకు తగినట్లే కనబడును. కాని బసవన్న స్థావరమును కాదన్నది దానిని త్రవ్వుకొని తినుటకు కాదు. గుడి కట్టలేని పేదవానికి కూడ శివుడు అందవలెనని దేహమును గుడి చేసెను. అట్టి తత్త్వమును గునపమునకు పిడిగా బిగించువాడు స్థావరమును విడిచినవాడు కాడు, జంగమమును కూడ విడిచినవాడు. పంచాచారములలో సదాచారమనగా ధర్మమైన శ్రమచే బ్రతుకుట. చీకటిలో చేసి, ప్రక్క యింటివానికి చెప్పలేని పని ఆ పేరునకు తగదు.

అయినచో బంగారమే పాపమా? శరణులు అట్లనలేదు. వారిలో సంపన్నులును ఉండిరి, మంత్రులును ఉండిరి. బంగారము ఏ దారిని వచ్చెను, ఏ దారిని పోయెను అన్నదే వారి ప్రశ్న. గోదావరి ఇసుకను చేటలలో కడిగి బంగారు రేణువులను ఏరుకొనినవారు పూర్వము ఉండిరి. దినమంతయు నీటిలో నిలిచి వంగి చేసిన పనికి దొరకునది కూలి గిట్టినంతయే. అది కాయకము. దానికి అంజనము అక్కరలేదు, బలి అక్కరలేదు.

ఇదే సీమలో భూమి దాచిన ధనము నిజముగా బయటపడిన వృత్తాంతము ఒకటి కలదు. భద్రాచల యాత్రికులు ఇల్లందు ప్రాంతమున వంటకై నల్లరాళ్లను పొయ్యిగా పేర్చగా ఆ రాళ్లే మండెనని అక్కడివారు చెప్పుకొందురు. 1871లో భూగర్భ పరిశోధకుడు విలియం కింగ్ ఇల్లందు వద్ద బొగ్గును గుర్తించెను. 1920లో సింగరేణి కాలరీస్ సంస్థ ఏర్పడెను. నల్లబంగారమను పేరు దానికి ఊరకే రాలేదు. అది వేలాది కుటుంబములకు అన్నము పెట్టినది. అయితే ఏ మంత్రమునకును లొంగి పైకి రాలేదు. తలకు దీపము కట్టుకొని దిగినవాని చెమటకే వచ్చినది. కొందరి ప్రాణములను కూడ తీసికొన్నది.

కన్నడ సీమలో రాయచూరు జిల్లా లింగసుగూరు తాలూకాలో హట్టి అను చోట నేటికిని బంగారము తీయుచున్నారు. ప్రాచీనుల త్రవ్వకముల జాడలు అక్కడ ఎంతో లోతున కనబడినవి. 1956 వరకు ఆ జిల్లా, ఖమ్మము వలెనే, హైదరాబాదు రాష్ట్రములోనిది. అదే జిల్లాలోని మస్కి వద్ద 1915లో బీడన్ అను బంగారు గనుల ఇంజనీరునకు ఒక బండపై వ్రాత కనబడెను. అది అశోకుని ధర్మశాసనము. అశోకుడను పేరు స్పష్టముగా గల శాసనము అంతకుముందు దొరకియుండలేదు. దేవానాంప్రియుడని రాళ్లపై చెప్పుకొన్న రాజెవరో ఆ బండయే తేల్చిచెప్పినది. బంగారమునకై కొండలు తిరిగినవాని కంటికి రెండువేల యేండ్లకు పైబడిన ధర్మవాక్యము కనబడుట చిత్రమే. ఆ బండను పగులగొట్టి లోపల ఏమున్నదో చూచియుండినచో ఆ పేరు మట్టిలో కలిసిపోయెడిది.

హట్టి గనులున్న ఆ లింగసుగూరు తాలూకాలోనే అమరేశ్వరమను పల్లె కలదు. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులు ఆ పల్లెవారు. కాలి క్రింద బంగారపు నేల గల సీమను విడిచి వారు కల్యాణమునకు పోయి ఏరుకొన్నది బియ్యపు గింజలను. బసవన్న మహామనె ముంగిట రాలిన గింజలను మారయ్య ఏరి తెచ్చెడివాడు, లక్కమ్మ వండి జంగమార్చన చేసెడిది. ఒకనాడు మారయ్య నిత్యము కంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ కొలిచి చూచినది. ఇంత ఆశ మనకెందుకు, ఇది రాజులకు తగినది గాని భక్తులకు తగినది కాదని చెప్పి, మిగిలిన గింజలను తెచ్చిన చోటనే చల్లి రమ్మని మగని వెనుకకు పంపినది. అది దొంగసొమ్ము కాదు, ఎవరును అడుగరు. అయినను ఆ పూటకు అవసరమైనదానికి మించినది. గుప్తనిధి మాటలాడు ప్రతి యింటిలోను ఈ కథ చదువవలెను. భద్రాద్రి అడవిలో కోయ స్త్రీలు ఎండకాలమున తెల్లవారకముందే బుట్టలు పట్టుకొని పోయి, రాత్రి రాలిన ఇప్పపూవును ఏరుకొని వత్తురు. వారికి లక్కమ్మ పేరు తెలియకపోవచ్చును, లక్కమ్మకు మాత్రము వారి బుట్ట పరాయిది కాదు.

మోళిగ మారయ్య కథయు ఇట్టిదే. కాశ్మీర రాజ్యమును విడిచి కల్యాణమునకు వచ్చి, భార్య మహాదేవితో కూడి, అడవిలో కట్టెలు కొట్టి మోపులమ్మి జంగమ సేవ చేసెను. బసవన్న జంగమ వేషమున వారి గుడిసెకు వచ్చి, వారి గంజి త్రాగి, వారి బీదతనమునకు జాలిపడి, బంగారు నాణెముల సంచులను వదలి వెళ్లెనట. మారయ్య వానిని దాచుకొనలేదు, జంగములకు పంచివేసెను. గుడిసెలో నిధి తానుగా వచ్చి కూర్చున్నను దానికి పొయ్యి ప్రక్క చోటు దొరకలేదు.

బసవన్నయే నిధి చూపలేదా అని కొందరనవచ్చును. కన్నడనాట చెప్పుకొను కథ యొకటి కలదు. ఎవరికిని తెలియని లిపిలో వ్రాసిన పత్రమొకటి బిజ్జలుని సభకు రాగా, పండితులు చదువలేకపోయిరి. యువకుడైన బసవన్న దానిని చదివి, సింహాసనము క్రింద నిధి యున్నదని చెప్పెను. త్రవ్వగా దొరకెను. కథ నిజమే యనుకొందము. బసవన్న ఆ పత్రమును పగటివేళ, నిండు సభలో, అందరు వినుచుండగా చదివెను. సొమ్ము భాండాగారమునకు పోయెను, అతని యింటికి పోలేదు. తరువాత అతడు భాండారియైనప్పుడు, రాజు ధనమును జంగములకు దోచిపెట్టుచున్నాడని చాడీలు చెప్పిరి. పెట్టెలు తెరచి లెక్క చూడగా ఏమియు తగ్గలేదని బసవపురాణము చెప్పుచున్నది. లెక్క అడిగినందుకు బసవన్న అలుగలేదు.

శాఖ వేరైనను ఇక్కడ కంచర్ల గోపన్నను తలచుట తప్పు కాదు. నేలకొండపల్లిలో పుట్టి, గోలకొండ తానీషా కాలమున (1672 - 1687) పాల్వంచ పరగణాకు తహశీల్దారై, సర్కారు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించి, చెరసాల కేగెను. ఆరు లక్షల వరహాలను రామలక్ష్మణులే వచ్చి చెల్లించిరని భక్తులు పాడుకొందురు. ఆ కథలో దేవుడంతటివాడు కూడ సొమ్ము చెల్లించి రసీదు పుచ్చుకొనిపోయెను! ప్రజల ధనమునకు లెక్క తప్పదని ఆ సీమ జనమునకు అంతకంటె స్పష్టముగా చెప్పిన కథ లేదు.

రాజుల కాలము పోయినను ఆ లెక్క పోలేదు. 1878లో వచ్చిన భారత నిక్షేప నిధుల చట్టము ప్రకారము, భూమిలో దాగియుండి దొరకిన వస్తువు విలువ 10 రూపాయలకు మించినచో కలెక్టరునకు తెలుపవలెను. హక్కుదారు ఎవరును లేనప్పుడు, వేరు ఒప్పందము లేనిచో, కనుగొనినవానికి నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు చెందునని ఆ చట్టము చెప్పినది. ప్రభుత్వము దానిని తీసికొనదలచినచో లోహపు విలువపై ఐదవ వంతు కలిపి ఇయ్యవలెనని కూడ చెప్పినది. అనగా నాగటి చాలులో కుండ దొరకిన రైతు దొంగ కాడు, చెప్పినచో అతనికి భాగము కలదు. చెప్పక కరగించినవాడే దొంగ. పట్టణములనుండి లోహములను పసిగట్టు యంత్రములతో వచ్చి, గ్రామపు కుఱ్ఱవాండ్రకు రోజుకూలి యిచ్చి గుడిలో గొయ్యి తీయించువారు ఈ సంగతి చెప్పరు. పోలీసులు వచ్చినప్పుడు కారు పోవును, గునపము పట్టిన కుఱ్ఱవాడు చిక్కును.

కావున ముహూర్తమడుగ వచ్చినవానిని ఏ పనికని జంగమస్వామి అడుగవలెను. భూమిపూజ యన్నచో ఏ భూమి, ఎవరిది, పగలా రాత్రియా అని అడుగవలెను. జవాబు తడబడినచో విభూతి పెట్టి కూర్చుండబెట్టవలెనే గాని తిట్టి పంపరాదు. అట్టివాడు తరచుగా అప్పులలో మునిగినవాడు, లేదా కూతురి పెండ్లికి దారి తోచనివాడు. మఠములో దాసోహమున్నది వానికే. ఊరిలోని నలుగురు లింగవంతులు చేరి ఆ అప్పు మాట విచారింపవలెను. పొలిమేరలో ప్రక్కకు దొర్లిన నంది యున్నచో ఆ నలుగురితోనే అతనిని కూడ పిలుచుకొని పోయి, నందిని లేపి నిలిపి, గొయ్యి పూడ్చి రావలెను.

ఇంకొక మాట ఇల్లాండ్రకు. మగడు అంజనము వేయించిన సంగతి ఊరికి తెలియకముందే ఆమెకు తెలియును, ఏలయన పుస్తెలతాడు అడుగునది ఆమెనే. లక్కమ్మ వలె ఆ పూట బియ్యము కొలిచి చూచి, చాలునని ఆమె అన్నచో, ఆ అమావాస్య నాడు గునపము దొడ్డిలోనే ఉండిపోవును.