బల్ల మీద బంతిపూలు

మార్చి, ఏప్రిల్ నెలల్లో మన చర్ల చుట్టుపక్కల అడవుల్లో ఇప్పపూలు రాలతాయి. తెల్లవారక ముందే కోయ కుటుంబాలు బుట్టలతో చెట్ల కిందికి చేరతాయి. వాళ్లకు పువ్వే పని, పువ్వే రాబడి.

మరి ఆఫీసులో, బడిలో, ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకో? ఫైళ్లు, ఫ్యాను చప్పుడు, వెలిసిన గోడ. కళ్లెదుట ఏముందన్నదీ ముఖ్యమేనేమో. అమెరికాలో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 1984లో ఒక అధ్యయనం ప్రచురించారు. పిత్తాశయం ఆపరేషన్ అయ్యాక కిటికీలోంచి చెట్లు కనబడిన రోగులు, ఇటుక గోడ కనబడినవాళ్లకన్నా త్వరగా ఇంటికెళ్లారట. ఘాటైన నొప్పి మందులూ తక్కువే వాడారట. అది చెట్ల మాట, పూల మాట కాదు. పూలు పెట్టగానే పని పరుగెడుతుందని నేననను. తలెత్తినప్పుడల్లా కంటికి కాస్త రంగు తగిలితే చాలదా?

బల్ల మీద గ్లాసులో పూలు పెట్టడానికి పెద్ద ఖర్చేమీ లేదు. పెరట్లో బంతి ఉంది, బతుకమ్మ రోజుల్లో తంగేడు ఉంది. కాడ ఏటవాలుగా కోసి, నీళ్లలో మునిగే ఆకులు తుంచేయండి. అవి కుళ్లితే కాడకు నీరెక్కదు. గ్లాసులో నీళ్లు రోజూ మార్చండి. పక్క సీటాయనకు తుమ్ములొస్తున్నాయా? అయితే ఆ గ్లాసును కిటికీ దగ్గరికి జరపండి.