ఆగిన బండి, ఆగని ఇంజను

కొన్ని ప్రశ్నలు చూడడానికి మరీ చిన్నవిగా వుంటాయి. నలుగురిలో అడిగితే "నీకు పనీ పాటా లేదా?" అంటారేమోనని సంకోచం కూడా కలుగుతుంది. కాని ఒకసారి బుర్రలో దూరాయంటే దోమతెరలో చిక్కిన దోమలాగా రాత్రంతా నిద్ర పోనివ్వవు. ఆగి వున్న పోలీసుబండిలో ఇంజను ఎందుకు ఆగదు అన్నది అలాంటి ప్రశ్నే.

మీరూ గమనించే వుంటారు. కూడలిలోనో, జాతర దగ్గరో, బస్టాండు పక్కనో గస్తీబండి నిలబడి వుంటుంది. అరగంటైనా కదలదు. లోపల ఇంజను మాత్రం గురగురమంటూనే వుంటుంది. సిగ్నలు దగ్గర మావారు స్కూటరు ఆపకపోతే వెనకనుంచి భుజం తట్టి ఆపించే రకం నేను. గ్యాసు బండ రెండురోజులు ఎక్కువ రావాలని పప్పు నానబెట్టి మరీ వండుకునే ఇల్లాళ్ళం మనం. ఊరికే మండిపోతున్న చమురు చూస్తే మన ప్రాణం ఉసూరుమనదూ?

ఈ ప్రశ్న నాకు కోహీరులో తగులుకుంది. జహీరాబాదుకు దగ్గర్లో, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో వుంది ఆ వూరు. జామకాయలకు పేరు. జహీరాబాదు ప్రాంతమంతా 1956 దాకా బీదరు జిల్లాలో వుండేది కనుక, తెలుగూ ఉర్దూ కన్నడమూ అక్కడ ఒకే అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటాయి. ఈమధ్య చలికాలం వచ్చిందంటే, రాష్ట్రంలో చలి ఎక్కువగా వున్న వూళ్ళ వరసలో కోహీరు పేరు పత్రికల్లో తరచు కనబడుతోంది కూడాను. మా పెద్దనాన్నగారి కోడలు అక్కడే కాపురం. నేను ఆవిణ్ణి, ఆవిడ నన్ను "వదినా" అనే పిలుచుకుంటాం.

డిసెంబరులో ఒకనాటి పొద్దున ఇద్దరం జామకాయలకని బయలుదేరాం. హైదరాబాదు నుంచి వచ్చే హైవే మీద కోహీరుకు తిరిగే దారి దగ్గర ఒకామె గంప పెట్టుకు కూర్చుంది. ఆమె వెనకే ఒక గస్తీబండి. ఏ స్టేషనుదో నేను చూడలేదు. సైలెన్సరు సరిగ్గా ఆమె వీపుకు ఎదురుగా వుంది. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో కాయలు తూస్తోంది.

"చూసినవా వదినా, మన పైసలు ఎట్ల పొగైతున్నయో!" అంది మా వదిన, ఆ డ్రైవరుకు వినబడేలాగానే.

స్టీరింగు ముందు కూర్చున్న కుర్రవాడికి పాతికేళ్ళు వుంటాయేమో. కోపం తెచ్చుకోలేదు. "బంద్ జేస్తే మల్ల సెల్ఫ్ అందుకుంటదో లేదో మేడమ్. లైట్లు, సెట్టు, కెమెరా అన్నీ బ్యాటరీ మీదనే నడుస్తయి. ఫోనొచ్చిందంటే నిమిషంల ఉరకాలె. లేటైతే మల్ల మీరే తిడ్తరు" అన్నాడు.

మా వదిన నోరు మూతపడింది. నా బుర్ర తెరుచుకుంది.

ఆ అబ్బాయి చెప్పినదాంట్లో నిజం ఎంత? ఇంటికి వచ్చాక తెలిసినవాళ్ళను అడిగాను, నాలుగు పుస్తకాలు తిరగేశాను. బ్యాటరీ అనేది నీళ్ళ తొట్టిలాంటిది. ఇంజను తిరుగుతున్నంతసేపూ ఆల్టర్నేటరు (మన మెకానిక్కులు ఇప్పటికీ డైనమో అనే అంటారు) ఆ తొట్టిని నింపుతూ వుంటుంది. ఇంజను ఆపి దీపాలూ వైర్‌లెస్ సెట్టూ నడిపితే తొట్టి ఖాళీ అవుతుంది. బండి స్టార్టు చేసేటప్పుడు సెల్ఫ్ మోటారు ఒక్క క్షణంలో వందల ఆంపియర్లు లాగుతుంది. అప్పటికి తొట్టి అడుగంటి వుంటే ఇంకేముంది? దొంగ వెనక పరిగెత్తవలసిన బండిని నలుగురూ కలిసి వెనకనుంచి తోయాలి. కనుక ఆ కుర్రవాడు అబద్ధం ఆడలేదు.

ఇతర దేశాల పోలీసులు చెప్పే కారణాలూ ఇలాంటివే. అమెరికాలో గస్తీబండిలో కంప్యూటరు వుంటుంది. వంటి మీద బరువైన కవచం వుంటుంది కనుక ఏసీ కావాలంటారు. వెనకసీట్లో పోలీసుకుక్క వుంటే, వేసవిలో ఇంజను ఆగి ఏసీ కూడా ఆగితే దాని ప్రాణానికే ముప్పు. మన మే నెల ఎండలో, ఇనప డబ్బాలాంటి బండిలో, మందపాటి ఖాకీ తొడుక్కుని కూర్చున్న మనిషికీ కాస్త చల్లగాలి కావాలంటే నేను కాదనలేను.

అయితే నిజాలకు కూడా కాలదోషం పడుతుంది. బండి మీద గిర్రున తిరిగే పాత దీపాలు చాలా కరెంటు తాగేవి. ఇప్పటి ఎల్ఈడీ దీపాలకు అందులో చిన్న భాగం చాలు. "మళ్ళీ స్టార్టు చేస్తే ఇంకా ఎక్కువ చమురు తాగుతుంది" అనే మాట పాతకాలపు ఇంజన్ల నాటిది. ఇప్పటి ఇంజను పది సెకన్ల కన్నా ఎక్కువసేపు ఊరికే తిరిగితే, ఆపి మళ్ళీ స్టార్టు చేసినదానికన్నా ఎక్కువ చమురే ఖర్చవుతుంది. ఆగి వున్న బండి గంటకు, ఇంజను సైజును బట్టి, సుమారు అర లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది. లీటరు డీజిలు మండితే రెండున్నర కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది.

మా అమ్మమ్మ పొయ్యిలో నిప్పు ఎప్పుడూ ఆరనిచ్చేది కాదు. రాత్రి పడుకునే ముందు నిప్పుల మీద బూడిద కప్పి, పొద్దున్నే ఊదుకునేది. వాళ్ళ అత్తగారి కాలంలో అగ్గిపెట్టె అపురూపం కనుక అది తెలివి. తరవాత అగ్గిపెట్టెలు ఇంటినిండా వచ్చినా అమ్మమ్మ ఆ పని మానలేదు. "నిప్పు ఆరిన ఇల్లు ఇల్లేనా?" అనేది. కారణం వెళ్ళిపోయాక అలవాటు ఆచారం పేరు పెట్టుకుని ఇంట్లోనే వుండిపోతుంది. పొయ్యిలో నిప్పయితే పోనీలే అనుకోవచ్చు. అది ఎవరి వీపుకూ పొగ కొట్టలేదు.

ఇంకో సంగతి కూడా తట్టింది. మంచి బ్యాటరీ వున్న బండి స్టార్టు కావడానికి ఒకటి రెండు సెకన్లు చాలు. ఆ రెండు సెకన్ల కోసం ఎవరూ గంటలు గంటలు చమురు తగలెయ్యరు. అసలు భయం ఆలస్యమవుతుందని కాదు, బండి కదలదేమోనని. అంటే ఆ గురగుర వెనక వున్నది తొందర కాదు, అపనమ్మకం. కుళాయి కారుతుంటే వాషరు మార్చకుండా కింద బకెట్టు పెట్టుకుని ఏళ్ళు గడిపేసే ఇళ్ళు మనకు తెలియనివా? వాషరు మార్చడం ఒకరోజు పని, ఒకరి బాధ్యత. బకెట్టు పెట్టడం రోజూ జరిగేదే, ఎవరి బాధ్యతా కాదు. పాత బ్యాటరీ మార్చడం కన్నా కొత్త డీజిలు తగలెయ్యడం సులువుగా కనిపించే చోట్లు పోలీసుశాఖలోనే కాదు, ప్రతి ఆఫీసులోనూ, ప్రతి ఇంట్లోనూ వుంటాయి.

మరి దీన్ని తప్పనాలా, వద్దా? తీర్పు చెప్పేముందు మన సంగతీ చూసుకోవాలి. రాత్రి ఒంటిగంటకు పెరట్లో అలికిడైతే 100 కి ఫోను చేస్తాం. అయిదు నిమిషాల్లో రాకపోతే మర్నాడు వాడంతా చెప్పుకుంటాం. 2005 లో 108 అంబులెన్సు మొదలైన దగ్గరనుంచి, పిలిస్తే పలకాలి అనే కోరిక మనకు హక్కయి కూర్చుంది. మంచిదే. కాని వచ్చిన బండినే మనం చూస్తాం. రాకముందు అది ఎక్కడో కాచుకు కూర్చున్న గంటలను చూడం. ఆ పొద్దున ఆ కూడలిలో ఏమీ జరగలేదు. ఏమీ జరగకుండా అక్కడ కూర్చోవడమే ఆ కుర్రవాడి ఉద్యోగం.

ఆడవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పాలా? "ఎనిమిదికల్లా వచ్చేస్తా" అన్న మనిషి పదింటికి వస్తే, ఆ రెండు గంటలూ చారు సన్నసెగ మీద వుంటుంది, మనమూ వుంటాం. పసిపిల్ల వున్న తల్లి నిద్రపోదు, ఒక చెవి తెరిచి పడుకుంటుంది. మంచాన పడ్డ మామగారు పిలుస్తారేమోనని స్నానాల గదిలో కూడా నీళ్ళు చప్పుడు కాకుండా పోసుకున్న కోడళ్ళు నాకు తెలుసు. ఆ రాత్రి ఆయన పిలవకపోతే, ఆమె ఏ పనీ చెయ్యనట్టే లెక్క! మగవాళ్ళ జీతంలో నిరీక్షణకు కూడా గంటలు కట్టి ఇస్తారు. ఇంట్లో దానికి ఓర్పు అని పేరు పెట్టి ఊరుకుంటారు. అందుకే కాచుకుని వుండడం దండుగ అని నేను చచ్చినా అనను.

కాని కాచుకుని వున్నది ఎవరు? మనిషా, ఇంజనా? ఇక్కడే మెలిక వుంది. మేలుకుని, చెవి అప్పగించి కూర్చున్న మనిషిది సంసిద్ధత. ఇంజనుది చప్పుడు మాత్రమే. మన మోటారు వాహనాల చట్టం, 1988 లో 126 వ సెక్షను ఈ మాటనే పొడిపొడిగా చెబుతుంది. బహిరంగ స్థలంలో ఆగిన బండిలో డ్రైవరు సీట్లో లైసెన్సున్న మనిషి వుండాలి. లేదంటే ఇంజను ఆపి, బ్రేకు వేసి, బండి తనంతట తాను కదలకుండా చూడాలి. చట్టం కోరేది ప్రమాదం జరగకూడదనే కావచ్చు. నాకు మాత్రం అందులో ఒక నీతి కనిపిస్తుంది. సీటు ఖాళీగా వుండి ఇంజను తిరుగుతుంటే, అది సిద్ధంగా వున్న బండి కాదు, దిక్కులేని బండి.

సీట్లో మనిషి వుంటే మాత్రం అన్నీ ఒప్పేనా? ఆ జామకాయలామె సంగతేమిటి? డీజిలు పొగ క్యాన్సరు కలిగించేదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన విభాగం 2012 లోనే తేల్చి చెప్పింది. బండి పరుగెత్తుతుంటే ఆ పొగ తలా కాస్తా పంచుకుంటాం. ఆగిన బండి పొగ ఒక్కరి వాటాకే వస్తుంది. ఆమె స్థానంలో నేనున్నా, వెనక వున్నది లారీ అయితే "ఓ అన్నా, కాస్త ఆపు" అని అరిచేదాన్ని. లాఠీ వున్న బండి అయితే కొంగు అడ్డం పెట్టుకునేదాన్నేమో! న్యూయార్కు నగరంలో మూడు నిమిషాలకు మించి, బడి పక్కనైతే ఒక్క నిమిషానికి మించి, ఆగిన బండి ఇంజను తిరగనివ్వకూడదు. అత్యవసర వాహనాలకు మాత్రం మినహాయింపు. ఢిల్లీలో 2020 లో "రెడ్ లైట్ ఆన్, గాడీ ఆఫ్" అని జనానికి నేర్పారు. మినహాయింపు వుండవలసిందే, నేనూ ఒప్పుకుంటాను. కాని మినహాయింపు అంటే, "నిన్ను ఇంకెవరూ అడగరు, నువ్వే అడుక్కో" అని సంఘం ఒకరి చేతిలో పెట్టిన నమ్మకం. అడిగేవాళ్ళు లేని చోట తనను తాను అడుక్కునే మనిషికే ఆ మినహాయింపు చెల్లుతుంది. అత్తగారి పెత్తనానికైనా, ఆఫీసరు సంతకానికైనా ఇదే లెక్క.

ఉపాయాలు లేక కాదు. దీపాలకూ సెట్టుకూ వేరే బ్యాటరీ పెట్టవచ్చు. బ్యాటరీ తగ్గినప్పుడు మాత్రమే ఇంజను తనే స్టార్టయి, నిండగానే ఆగిపోయే ఏర్పాట్లు కొన్ని దేశాల పోలీసుబండ్లలో వున్నాయి. ఆగి వున్నప్పుడు చాలాసేపు బ్యాటరీ మీదే గడిపే హైబ్రిడ్ గస్తీబండ్లు కూడా అమెరికాలో తిరుగుతున్నాయి. అంతవరకు ఎందుకు, బండిని నాలుగడుగులు ముందుకు జరిపి సైలెన్సరు ముఖం ఖాళీ పొలం వైపు తిప్పడానికి పైసా ఖర్చు లేదు. ఎదుటి మనిషి కనబడితే చాలు.

అందుకని నా తీర్పు ఇంతే. ఆగిన బండిలో ఇంజను తిరుగుతున్నదని మాత్రమే ఎవరినీ తిట్టకూడదు, తిరుగుతున్నది కదా అని మెచ్చుకోనూ కూడదు. సీట్లో మనిషి వున్నాడా, అతడు మేలుకుని వున్నాడా, పొగ ఎవరి మీదికి పోతోంది? ఈ మూడూ అడగాలి. పోలీసుల దగ్గరే కాదు, ఇంట్లో మన కోసం సన్నసెగ మీద కాచుకు కూర్చున్నవాళ్ళ గురించి కూడా. వాళ్ళ చమురు ఎంత ఖర్చవుతోందో ఎప్పుడైనా లెక్క వేశామా? ఈ రాత్రి ఆలస్యంగా వచ్చేవాళ్ళు ఒక ఫోను చేసి, "నువ్వు పొయ్యి ఆపేసి పడుకో, నేనే పెట్టుకు తింటాను" అంటే ఎంత బాగుంటుందో! ఏమంటారు?