తహసీల్దారు, మేజిస్ట్రేటు

బెళుగుప్ప తహసీల్దారు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు కూడా. గట్టు తగాదా ముదిరితే ఇరువర్గాలనూ ఆయన ముందే బైండోవర్ చేస్తారు. నేరానికి శిక్ష వేయడం మాత్రం కోర్టు పని. బ్రిటిష్ కాలంలో ఈ గీత లేదు. శిస్తు వసూలు చేసే అధికారే మేజిస్ట్రేటు, పోలీసుల మీద అజమాయిషీ కూడా ఆయనదే. పట్టించేవాడూ తీర్పరీ ఒక్కరే అయితే రైతు ఎవరితో మొరపెట్టుకోవాలి? న్యాయవ్యవస్థను కార్యనిర్వాహక వర్గం నుంచి విడదీయాలని కాంగ్రెసు తొలినాళ్ల నుంచీ అడిగింది అందుకే. 1948 నవంబరులో అంబేడ్కర్ దీన్ని రాజ్యాంగ సభ ముందు ఆదేశిక సూత్రంగా పెట్టారు. అదే 50వ అధికరణం. మొదట ఉన్న మూడేళ్ల గడువును చర్చలోనే తీసేశారు, అది పొరపాటే. మూడు అంగాలనూ పూర్తిగా విడదీయాలన్న కె.టి. షా సవరణ డిసెంబరులో వీగిపోయింది. మంత్రులు శాసనసభకు జవాబు చెప్పాలంటే అందులో కూర్చోవాలి మరి! చివరికి అప్పటి కొత్త నేర విచారణ స్మృతితో మేజిస్ట్రేట్లు జ్యుడిషియల్, ఎగ్జిక్యూటివ్ అని రెండు తెగలైంది 1974 ఏప్రిల్ 1న.