పిల్లల నడక కొలది ప్రయాణము

ధ్యాన భాగము: ఆదికాండము 33:12-17



ఉద్యోగము నిమిత్తము న్యూజీలాండు దేశమునకు వెళ్లి అక్కడ కాపురమున్న తెలుగు బిడ్డలు నేడు అనేకులు. గుంటూరులోనో ఖమ్మములోనో ఉన్న తలిదండ్రులను వారు ఒక్కసారియైనను పిలిపించుకొని తమ ఇల్లు, తమ దేశము చూపవలెనని కోరుదురు. అమ్మా నాన్నలు వచ్చుచున్నారని తెలిసినది మొదలు ఇంట సందడియే. కుమారుడు పటము ముందు పరచుకొని కూర్చుండును. అతనికి దొరికిన సెలవు 14 దినములు. చూపవలసినవి రెండు దీవులు. ఏ దినము ఏ ఊరు, ఏ రాత్రి ఏ బస, అన్నియు వరుసగా వ్రాసికొనును. ఖాళీగా మిగిలిన పూట ఒక్కటియు ఉండదు.

ఇట్టి విహారయాత్రకును దేవుని వాక్యమునకును సంబంధమేమని కొందరడుగవచ్చును. సంబంధము కలదు. ఒక మనుష్యుడు తన ఇంటివారిని దారిలో ఎట్లు నడిపించునో దానినిబట్టి అతని ప్రేమ ఎట్టిదో తేటపడును. మన ధ్యాన భాగములో అట్టి ప్రయాణమొకటి వ్రాయబడియున్నది.

యాకోబు ఇరువది సంవత్సరములు లాబాను ఇంట కష్టపడి, భార్యలతోను పిల్లలతోను మందలతోను స్వదేశమునకు తిరిగి వచ్చుచున్నాడు. ఏశావు 400 మంది మనుష్యులతో ఎదురు వచ్చెను. అన్నదమ్ములు కౌగిలించుకొని ఏడ్చిరి. అప్పుడు ఏశావు, మనము కలిసి పోదము రమ్మనెను. అది మంచి మనస్సుతో పిలిచిన పిలుపే. అయితే యాకోబు తన వెనుకకు చూచెను. అక్కడ పసిపిల్లలున్నారు, పాలిచ్చు గొఱ్ఱెలున్నవి, పశువులున్నవి. ఒక్క దినము వీటిని వడిగా తోలినయెడల మంద చచ్చునని అతడు చెప్పెను. నీవు ముందు వెళ్లుము, నేను వీరి నడకనుబట్టి మెల్లగా వచ్చెదనని అన్నను వేడుకొనెను. ఆ మాట చెప్పువాడు ముందటి రాత్రి పెనూయేలు నొద్ద తుంటి వసిలి తానే కుంటుచున్నవాడని మరువకుడి.

యాకోబు శేయీరునకు వచ్చెదనని చెప్పి సుక్కోతునకు పోయెను. ఆ మాట నిలుపుకొనలేదు గనుక అందులో అతనిని మెచ్చుకొన పనిలేదు. అయినను పిల్లలనుగూర్చి అతడు చెప్పినది సత్యము. ఆ సత్యమునుండి ప్రయాణమునకు సిద్ధపడువారు నేర్చుకొనవలసిన సంగతులు నాలుగు కలవు.

మొదటిది, దూరమును సరిగా లెక్కించుట. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు లూకా 14వ అధ్యాయములో బోధించెను. పటముమీద న్యూజీలాండు చిన్న దేశముగా కనబడును. అయితే ఉత్తర దీవి కొననుండి దక్షిణ దీవి కొనవరకు పోవు ఒకటవ నంబరు రాజమార్గము సుమారు 2,000 కిలోమీటర్లు. ఆక్లండు నుండి వెల్లింగ్టనుకు ఇంచుమించు మన హైదరాబాదు నుండి విశాఖపట్టణమునకు ఉన్నంత దూరము. అక్కడ కారును ఓడలోనికి ఎక్కించి, కుక్ జలసంధి దాటి పిక్టను చేరుటకు మూడున్నర గంటలు పట్టును. రోడ్లు మంచివే గాని, పట్టణములు దాటిన పిమ్మట పెక్కుచోట్ల పోవుటకొక వరుస, వచ్చుటకొక వరుస మాత్రమే యుండును. 100 కిలోమీటర్ల వేగమునకు అనుమతి ఉన్నచోటను కొండ మలుపులలో ఆ వేగము పనికిరాదు.

ఒక దృష్టాంతము చూడుడి. పటముమీద క్వీన్స్‌టౌనుకు మిల్‌ఫర్డు సౌండు పొరుగూరివలె కనబడును. నడుమ పెద్ద కొండలున్నందున రోడ్డు చుట్టు తిరిగి సుమారు 290 కిలోమీటర్లు పోవలెను. పోవుటకు నాలుగు గంటలు, వచ్చుటకు నాలుగు గంటలు, సముద్రపు పాయలో పడవమీద రెండు గంటలు. దీనిని ఒక్క దినములో ముగించువారు అనేకులున్నారు. యౌవనులకు అది సాధ్యమే. డెబ్బది ఏండ్ల తల్లికి అది విహారమా, శిక్షయా? త్రోవలో టె అనావు అను ఊరు సరస్సు ఒడ్డున ఉన్నది. అక్కడినుండి మిల్‌ఫర్డునకు 120 కిలోమీటర్లే. ఆ ఊర రెండు రాత్రులు నిద్రించినయెడల ఆ భారమే సగమగును. ఒక ఊరు తక్కువ చూచినందున ఎవరును చావరు. ఒక్క దినము వడిగా తోలినయెడల చచ్చునని యాకోబు చెప్పెను.

ఋతువును కూడ లెక్కించవలెను. మనకు వేసవి సెలవులైన మే మాసము అక్కడ చలికాలమునకు వాకిలి. పగలు పొట్టివి, కొండదారులలో మంచు పడవచ్చును. డిసెంబరు మొదలు ఫిబ్రవరి వరకు అక్కడ వేసవి. అయితే అది ఆ దేశస్థులకును సెలవుల కాలము గనుక బసలు ముందుగా కుదుర్చుకొనవలెను.

రెండవది, బలహీనుని నడకను కొలతగా పెట్టుకొనుట. చిన్నపిల్లలు అలసినప్పుడు నోరు తెరచి ఏడ్తురు. ముసలివారు ఏడువరు. కుమారుడు ఇంత డబ్బు ఖర్చు పెట్టెను, నా మోకాలి నొప్పి చెప్పి వాని సంతోషము పాడు చేయనేల అని తల్లి ఊరకుండును. "నాకేమి నాయనా, నేను బాగుగానే యున్నాను" అనును. ఆమె చెప్పని మాటను వినగల చెవి బిడ్డలకు ఉండవలెను. అడిగి ఊరకుండక, దిగినప్పుడు ఆమె ఎట్లు అడుగు వేయుచున్నదో చూడవలెను. రెండు గంటలకొకసారి బండి ఆపి విశ్రాంతి తీసికొనుడని ఆ దేశపు అధికారులే చెప్పుదురు. ఏలీము నొద్ద 12 నీటిబుగ్గలును 70 ఈతచెట్లును ఉండెనని నిర్గమకాండము 15వ అధ్యాయములో లెక్కతో వ్రాయబడియున్నది. దేవుని ప్రజల ప్రయాణములో ఆగిన స్థలములును గ్రంథమునకెక్కినవి.

బండి నడుపువాడును బలహీనుడే. ఏలీయా బదరీ వృక్షము క్రింద పడుకొని చావగోరినప్పుడు దేవదూత అతనిని గద్దింపలేదు. రొట్టెయు నీళ్లును ఇచ్చి, మరల నిద్రపోనిచ్చి, దారి నీ శక్తికి మించినదని చెప్పెను. కునుకుపాటుతో చక్రము పట్టినవాడు, బసకు డబ్బు ముందే కట్టితినని తన ఇంటివారినందరిని కొండ మలుపులో పణముగా పెట్టుచున్నాడు. పోయిన డబ్బు మరల సంపాదించుకొనవచ్చును.

మూడవది, ప్రభువు చిత్తమునకు చోటు విడుచుట. రేపు ఫలాని పట్టణమునకు వెళ్లెదమని ధైర్యముగా చెప్పుకొనువారిని యాకోబు తన పత్రిక 4వ అధ్యాయములో హెచ్చరించుచున్నాడు. ఏర్పాటు చేసికొనవద్దని అతడు చెప్పలేదు. ప్రభువు చిత్తమైతే అను మాట చేర్చుకొనుమనెను. పిక్టను నుండి క్రైస్ట్‌చర్చికి పోవు త్రోవ కైకోరా నొద్ద కొండకును సముద్రమునకును నడుమ సన్నని అంచున పోవును. అది ఎంతో రమ్యమైన దారి. 2016 నవంబరు 14న అర్ధరాత్రి దాటిన కొంతసేపటికి 7.8 పరిమాణముగల భూకంపము వచ్చి, కొండచరియలు ఆ రోడ్డుమీదను రైలుదారిమీదను కూలెను. ఇద్దరు మరణించిరి. ఆ రోడ్డు మరల తెరువబడినది 2017 డిసెంబరులో. ఆ 13 మాసములు ప్రయాణికులు లోపలి కొండదారి చుట్టు తిరిగి గంటలకొలది అధికముగా ప్రయాణము చేయవలసివచ్చెను.

మిల్‌ఫర్డు త్రోవయు అట్టిదే. 1954లో తెరువబడిన హోమరు సొరంగము గుండ ఆ రోడ్డు పోవును. చలికాలములో హిమపాతముల భయముచేత దానిని మూసివేయు దినములు కలవు. అట్టి దినమున కొందరు ఇంటివారిమీద విసుగుకొందురు. ఆసియలో వాక్యము చెప్పకుండ ఆత్మచేత ఆటంకపరచబడిన పౌలు త్రోయకు వచ్చెను. అక్కడనే అతనికి మాసిదోనియ దర్శనము కలిగెను. మూయబడిన దారివలన సమస్తమును నష్టమని తలంచనక్కరలేదు. కాబట్టి 14 దినములలో రెండు దినములైనను పేరు పెట్టక ఖాళీగా విడుచుడి. వాన కురిసినయెడల అవి అక్కరకు వచ్చును. కురియనియెడల కొడుకును తండ్రియు ఒక సరస్సు ఒడ్డున కూర్చుండి మాటలాడుకొనుటకు పనికివచ్చును. ఆరు సంవత్సరములు ఫోనులో మాత్రమే మాటలాడుకొన్నవారికి అది కొండలకన్న గొప్ప దృశ్యము కాదా?

నాలుగవది, సత్యమును సాత్వికమును. తల్లి వచ్చునప్పుడు పెట్టెలో ఆవకాయయు సున్నుండలును తేకుండ ఉండదు. ఆ దేశము తన పైరులను పశువులను రోగములనుండి కాపాడుకొనుటకు మిక్కిలి జాగ్రత్తపడును. తెచ్చిన తినుబండారములన్నిటిని విమానాశ్రయములో చెప్పవలెను. చెప్పినవాటిని అధికారులు చూచి, తగినవాటిని తీసికొనిపోనిత్తురు, తేనెవంటివాటిని ఉంచుకొందురు. దాచి పట్టుబడినవారికి 400 డాలర్ల జరిమానా అక్కడికక్కడే పడవచ్చును. అయితే క్రైస్తవుడు జరిమానాకు భయపడి కాదు, మనస్సాక్షి నిమిత్తము సత్యము చెప్పవలెను. పచ్చడి సీసాకొరకు అబద్ధమాడిన నోటితో ఆ సాయంకాలము స్తోత్రము ఎట్లు చేయుదుము?

ఆ దేశపు రోడ్లమీద, ముఖ్యముగా దక్షిణ దీవి పడమటి తీరమున, ఒక్క బండికి మాత్రమే చోటున్న వంతెనలు చాల కలవు. ప్రతి వంతెన ముందర రెండు బాణములుగల గుర్తు నిలిపియుందురు. నీవు పోవు దిక్కు బాణము చిన్నదై ఎఱ్ఱగా ఉన్నయెడల నీవు ఆగి, ఎదుటివానిని రానియ్యవలెను. నీవు ఎంత గొప్పవాడవైనను, నీ బండి ఎంత పెద్దదైనను అంతే. అబ్రాహాము లోతుతో, ఎడమ తట్టో కుడి తట్టో నీవే ముందు కోరుకొనుమని చెప్పెను గదా. ఇంటిలోను, సంఘములోను ఇట్టి సన్నని వంతెనలు లేవా? ఇద్దరును ముందుకే వచ్చినయెడల ఇద్దరును దాటలేరు.

ఇప్పుడు ఈ సంగతులన్నిటి శిరస్సునకు వత్తము. క్రైస్ట్‌చర్చి నుండి సుమారు మూడు గంటల దారిలో టెకపో అను సరస్సు కలదు. ఆ ఒడ్డున 1935లో రాళ్లతో కట్టిన ఒక చిన్న దేవాలయమున్నది. దాని పేరు మంచి కాపరి దేవాలయము. బల్ల వెనుక గోడకు బదులు పెద్ద కిటికీ కలదు. అందుగుండ సరస్సును కొండలును కనబడును. దానికి సమీపముననే, గొఱ్ఱెల కాపరులకు సహాయముచేసిన కుక్కల జ్ఞాపకార్థము 1968లో నిలిపిన కంచు విగ్రహమున్నది. చూడవచ్చువారు మితిమీరి మందిరములో ఫోటోలు తీయుచుండగా, లోపల ఫోటోలు తీయరాదని నియమము పెట్టవలసివచ్చెను. మౌనముగా కూర్చుండుటకు కట్టిన చోటున కూర్చుండువారు కరవైరి. మనము అక్కడికి వెళ్లినయెడల పది నిమిషములైనను ఊరక కూర్చుండుదము.

ఆ మందిరమునకు పెట్టిన పేరును తలంచుడి. గొఱ్ఱెలు విస్తారముగానున్న ఆ దేశములో వాటిని కుక్కలు వెనుకనుండి తరుమును. మన కాపరి అట్లు తరుమువాడు కాడు. ఆయన గొఱ్ఱెపిల్లలను రొమ్మున ఆనించుకొని మోయుననియు, పాలిచ్చువాటిని మెల్లగా నడిపించుననియు యెషయా 40వ అధ్యాయములో ప్రవక్త చెప్పుచున్నాడు. యాకోబు తన పిల్లల నడకనుబట్టి నడిచెను. దేవుని కుమారుడు మన నడకనుబట్టి నడచుటకు మానవుడై వచ్చెను. ఎమ్మాయు త్రోవలో దుఃఖముతో ఈడ్చుకొని నడచుచున్న ఇద్దరితో ఆయన వారి అడుగులకు తగినట్లే నడిచెను. మన ఆలస్యమును ఇంతకాలము ఓర్చుకొన్నవాడు ఆయన. ఆయనచేత మెల్లగా నడిపించబడిన మనము, మన తల్లిని వడిగా తోలవచ్చునా?

చదువరులారా, మీలో అనేకులు ఆ దీవులను ఎన్నడును చూడకపోవచ్చును. అయినను ఆదివారమున మందిరమునకు నడిచి వచ్చునప్పుడు మీ ప్రక్కను కఱ్ఱ పట్టుకొని వచ్చువారెవరో ఉందురు. కుటుంబ ప్రార్థనలో వాక్యము ఇంకను అర్థముకాని చిన్నవాడు ఉండును. విశ్వాసములో నెమ్మదిగా అడుగు వేయు సహోదరుడు సంఘములో ఉండును. వారి నడక మనకు ఆలస్యమని తోచును. వారిని విడిచి ముందుగా చేరినయెడల, నీతోకూడ వచ్చినవారెక్కడ అని కాపరి అడుగును.

ప్రార్థింతము. మంచి కాపరివైన ప్రభువా, మేము చేయు ఏర్పాటులలో నీ చిత్తమునకు చోటుంచుము. మా ముసలివారు చెప్పని మాట వినుటకు మాకు చెవి దయచేయుము. దూరదేశములలో ప్రయాణము చేయు మా బిడ్డలను కొండలలోను నీళ్లమీదను కాపాడుము. నీవు మమ్మును నడిపించునట్లు మేమును ఒకరినొకరము మెల్లగా నడిపించుకొందుము గాక. ఆమేన్.