చూపుతో పోషణ, మేనితో పోషణ

శాక్త గ్రంథమైన కులార్ణవ తంత్రం గురువు శిష్యునికిచ్చే దీక్షను వివరిస్తూ, పక్షి స్పర్శతోను, చేప చూపుతోను, తాబేలు తలపుతోను పిల్లలను పోషిస్తాయన్న నమ్మకాన్ని ఉపమానంగా గ్రహించింది; చూపుతో ఇచ్చేదానికి దృగ్దీక్ష అని పేరు. అమెజాన్ పరీవాహకంలో పుట్టి ఇళ్లలోని గాజుతొట్టెలకు చేరిన డిస్కస్ చేప ఈ ఉపమానాన్ని పరీక్షకు పెడుతుంది. గుడ్లు పగిలిన కొద్దిరోజులకు ఈదసాగిన పిల్లలు తల్లి పక్కలనో తండ్రి పక్కలనో అంటిపెట్టుకొని, చర్మంపై ఊరే జిగురును కొరుక్కు తింటాయి. పెద్ద చేప ఒళ్లు ఒక్కసారి విదిలించి తప్పుకుంటే గుంపంతా రెండోదాని మీదికి మళ్లుతుంది. ఆ జిగురులో మాంసకృత్తులే కాక, రోగాన్ని ఎదుర్కొనే ప్రతిరక్షకాలు కూడా ఉంటాయని, మూడో వారానికి పెద్దవి పిల్లలకు దూరంగా జరగసాగుతాయని 2010లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది.

దీన్ని త్యాగమనవచ్చునా? అదే జంట, ముఖ్యంగా తొలిసారి గుడ్లు పెట్టినప్పుడు, వాటిని తానే తినివేయడం కద్దు. అందుకే పెంపకందార్లు గుడ్లు అంటిన మట్టి శంకువు చుట్టూ వల అమరుస్తారు. విధినిషేధాలను గ్రహించగల కర్తకే ధర్మాధర్మాలు వర్తిస్తాయన్న మీమాంసకుల దృష్టిలో ఆ పోషణకు పుణ్యమూ లేదు, ఈ భక్షణకు పాపమూ లేదు. లెక్క చెప్పవలసినవాడు వల అమర్చిన మనిషే. 28–30 డిగ్రీల వెచ్చని మృదుజలాన్ని కుదిర్చి జీవిని బంధించినందువల్ల దాని ఆకలికీ రోగానికీ అతడే బాధ్యుడు. గుడ్లను వేరుచేసి కృత్రిమాహారంతో పిల్లలను పెంచే పద్ధతిలో చిక్కు మరింత ముదురుతుంది: అహింసను గాయపరచకపోవడంగా మాత్రమే నిర్వచిస్తే అందులో దోషం కనబడదు, జీవి స్వభావానికి అడ్డుపడకపోవడంగా కూడా గ్రహిస్తే తప్పక కనబడుతుంది, ఈ రెండో అర్థమే బలమైనది.