జెముడు పెంచుట దయయా, లోభమా?

మా యింటి వసారా పిట్టగోడమీఁద 34 మట్టితొట్లు గలవు. అన్నిటను ముండ్లమొక్కలో, దళసరియాకుల మొక్కలో పెరుగుచున్నవి. చూడవచ్చిన బంధువులు ముందుగా నడుగు ప్రశ్న యొక్కటియే: "జెముడు నింటఁ బెట్టుకొందురా?" అడిగినవారి గుమ్మమునకే దిష్టి తగులకుండ కలబంద తలక్రిందుగా వ్రేలాడుచుండును. దానికి మట్టి లేదు, నీరు లేదు. అయినను నెలల తరబడి పచ్చగా నుండి, ఒక్కొక్కప్పుడు క్రొత్తయాకును గూడ వేయును. మేము విచారింపఁ దలఁచినది శకునము గాదు. మన యక్కఱ లేకయే బ్రదుకఁగల ప్రాణిని దెచ్చి యింటఁ బెట్టుకొని, పోషించుచున్నామని చెప్పుకొనుట దయయా, లోభమా యనునది మా ప్రశ్న.

నెల్లూరు సముద్రతీరమున ఈ మొక్కలను పెంచుట యనఁగా నీళ్ళు పోయుట గాదు, పోయకుండుట. వేసవిలో మైపాడునుండి కొత్తకోడూరుదాఁక ఇసుక నిప్పువలెఁ గాలును. జెముడునకు దానివలన భయము లేదు. భయము ఆశ్వయుజము దాఁటిన పిదప వచ్చును. మన జిల్లాకు వానలో నధికభాగము అక్టోబరునుండి డిసెంబరువఱకు ఈశాన్యపుగాలితో వచ్చును. వాయుగుండము పట్టినచో మూఁడునాలుగు దినములు తెఱపి యుండదు. (2015 నవంబరులోను, 2021 నవంబరులోను ఊళ్ళు నీటఁ బడినపుడు తొట్లనుగూర్చి తలఁచుకొనుటకే మాకు సిగ్గువేసినది.) కాఁబట్టి కార్తికమున తొట్లను చూరుక్రిందికిఁ జేర్తుము. పెన్న యిసుకను కడిగి, పెంకుముక్కలును కొంచెము చివికిన యెరువును గలిపి, అడుగున చిల్లిగల తొట్టిలో వేయుదుము. సముద్రపుటిసుక పనికిరాదు. ఇంతే విద్య. మిగిలినది చేతులు ముడుచుకొని యుండుట.

ఈ చేతులు ముడుచుకొనుటయే కష్టము. నాలుగేండ్ల క్రిందట మేము ఊర లేని పదిదినములలో మా తల్లిగారు ప్రతిసాయంకాలమును ఒక గుండ్రని జెముడునకు చెంబెడు నీళ్ళు పోసిరి. మేము వచ్చి చూచునప్పటికి దాని మొదలు మెత్తఁబడి యుండెను. వ్రేలు తగిలినంతనే ఒరిగిపోయెను. ఆమె కన్నుల నీరు నించి, "ఎండలో నిలబడి ఉంటే చూళ్లేక పోశాను. దానికి మాత్రం దప్పి కాదా నాయనా?" అనిరి. ఈ మాట మా మనస్సున నాఁటినది. తనవలెనే పరులఁ జూచుట, ఆత్మౌపమ్యము, మన శాస్త్రములు మెచ్చిన గుణము. ఆమె చేసినది అదియే. అయినను మొక్క చచ్చెను. తనవంటివారియెడ ఆత్మౌపమ్యము చాలును. తనవంటిది కానిదానియెడ అది చాలదు. ముందుగా దాని తీరెట్టిదో తెలిసికొనవలయును. తెలిసికొనుటకు ఓపిక వలయును; నీళ్ళు పోయుటకు చెంబు చాలును.

ఆ తీరును మొట్టమొదట గుర్తించిన వారిలో నొకనికి మన దేశముతో సంబంధము గలదు. మదరాసు రాజధానిలో కుంఫిణీ కొలువున నుండిన బెంజమిన్ హేన్ అను వృక్షశాస్త్రజ్ఞుఁడు రణపాల యాకును నమలి చూచి, అది ఉదయమున పుల్లగాను, మధ్యాహ్నమునకు రుచిలేకయు, సాయంకాలమునకు కొంచెము చేఁదుగాను ఉండుటను గనిపెట్టి లండనులోని లిన్నేయను సంఘమునకు వ్రాసెను. ఆ లేఖ 1815 లో అచ్చుపడెను. దాని కారణము తరువాతివారు వివరించిరి. నీరు నశింపకుండుటకై ఈ జాతి మొక్కలు పగలు ఆకుల రంధ్రములను మూసికొని, రాత్రి తెఱచి, లోనికిఁ దీసికొన్న బొగ్గుపులుసు గాలిని ఆమ్లముగా నిలువచేసికొని, తెల్లవాఱిన పిదప ఎండలో దానితో ఆహారము వండుకొనును. జెముడుదియు నిదే మార్గము. మనము జాలిపడు మధ్యాహ్నవేళ అది తలుపు వేసికొని తన పని తాను చేసికొనుచుండును. మేము తరగతి పిల్లలచేత రణపాలతో ఈ పరీక్ష చేయించితిమి. ఏ పాఠమును వారంత శ్రద్ధగా నమలలేదు!

తెలియమి యొక దోషము. తనకొఱకే కోరుట మఱియొకటి. పొలముల కంచెలలో పిల్లలు ఎఱ్ఱపండ్లు కోసికొని తిను నాగజెముడు ఈ దేశపుది గాదు, అమెరికాఖండపుది. 18వ శతాబ్ది చివర, ఎఱ్ఱరంగు నిచ్చు పురుగును పెంచి లాభము గడింపవలెనని జేమ్సు ఆండర్సను మదరాసు ప్రక్కను సైదాపేటలో జెముడుతోఁట వేయించెను. ఆ వ్యాపారము నిలువలేదు. పలుమార్గముల వచ్చిన జెముడుజాతులు మాత్రము నిలిచి దక్షిణదేశపు బీళ్ళ నాక్రమించెను. తుదకు 1926 లో సింహళమునుండి వేఱొక పురుగును దెప్పించి, నాగజెముడును దానికి మేపవలసి వచ్చెను. మనకుఁ గావలసినన్నాళ్ళు సంపద, అక్కఱలేనినాఁడు పీడ!

ఇఁక మా తప్పును చెప్పుకొనవలసిన చోటు వచ్చినది. ఏడవ తరగతి బాలుఁ డొకఁడు సంక్రాంతి సెలవులకు మెట్టప్రాంతములోని అమ్మమ్మగారి యూరికిఁ బోయి వచ్చుచు మాకొక కుందేటికొమ్ముల మొక్కను దెచ్చి యిచ్చెను. పలకలు దేఱిన కాడలు; ముండ్లు లేవు, ఆకులును లేనట్లే. రాతిసందులలో, పొదలనీడలో మొలచును. పల్లెవారు కాడలను పచ్చిగనే నమలుదురు, పచ్చడియుఁ జేయుదురు. దీని దగ్గఱి చుట్టమునకు తెలుఁగువారు పెట్టుకొన్న పేరు 'కారల్లం' అని రాక్స్‌బరో 1795 నాఁటి తన కోరమాండలుతీరపు మొక్కల గ్రంథమున వ్రాసికొనెను. ఆ ప్రజాతి కంతకును రాబర్టు బ్రౌను పెట్టిన 'కారల్లూమా' యను పేరు దానినుండియే వచ్చినదని పలువురి మతము. అరబ్బీ మాట యనువారును గలరు. మేము మొదటివారి పక్షము. తరగతిలో ఈ కథ యంతయుఁ జెప్పి, బాలుని మెచ్చుకొని, ఒక కలమును బహూకరించితిమి.

ఉగాది సెలవులు ముగిసిన మఱునాఁడు వాఁడు గోనెసంచితో మా గుమ్మమున నిలిచి, "అయ్యవారూ, గుట్టమీద ఇంక ఒక్కటి కూడా లేదు, అన్నీ తెచ్చేశా!" అనెను. లెక్కింపఁగా 53.

వాని మొగము మెప్పునకై యెదురుచూచుచుండెను. మాకు నోట మాట రాలేదు. వానిని మందలించుటకు మా కధికార మేది? మా మెచ్చుకోలే వాఁడు చేసినదానికి వెల. తర్కశాస్త్రమున శశవిషాణ మనఁగా, కుందేటికొమ్మనఁగా, లోకమున లేని వస్తువునకు దృష్టాంతము. ఆ గుట్టమీఁద మా మూలమున ఆ మాట నిజమాయెను.

ఇది పిల్లవాని చేష్ట మాత్రమే కాదు. 2020 లో ఇటలీదేశపు రక్షకభటులు చిలీదేశపు అటకామా యెడారినుండి పెఱికి తెచ్చిన జెముడుమొక్కలను వేయికిఁ బైగా పట్టుకొనిరి. వానిలోఁ గొన్ని నూఱేండ్లు పైఁబడినవి. మఱుసటియేడు ఎనిమిదివందలకుఁ బైగా స్వదేశము చేరినవి. 1975 లో అమలులోనికి వచ్చిన అంతర్జాతీయపు టొప్పందము జెముడుజాతుల వర్తకమునకు ఇంచుమించుగా నన్నిటికిని కట్టుబాటు విధించినది. అయినను కొనువారు గలరు. వారు మొక్కలను ద్వేషించువారు గారు. ప్రేమించువారే. కసాయివానికి ఆవుపై నిష్టము లేదు. వీరికి ఇష్టమే కత్తి.

అట్లయిన ఈ వ్యసనమును మానరాదా యని మా మిత్రు లొకరనిరి. మేము మానలేదు. పిట్టగోడమీఁది తొట్లు లేకున్నచో ఆ బాలునికి కుందేటికొమ్ము పచ్చడికే గాని కంటికిఁ బట్టియుండదు. కాని నాఁటినుండి పుట్టుక తెలియని మొక్కను గొనుట మానితిమి. ముక్క విఱిచి, వారమురోజులు నీడను ఆఱఁబెట్టి నాఁటిన జెముడు సాధారణముగా బ్రదుకును. ఇరుగుపొరుగులకు పంచుటకు ఇదియే మార్గము. మా 34 తొట్లలో నాల్గింటి పుట్టుక మాకుఁ దెలియదు. అవి యింకను అక్కడనే యున్నవి; వానికి నీళ్ళు పోయునపు డెల్ల ఆ సంగతి జ్ఞప్తికి వచ్చును.

ఆ యాషాఢమున తొలివాన పడఁగానే సంచితోసహా బాలుని వెంటఁబెట్టుకొని వాని యమ్మమ్మగారి యూరికిఁ బోయితిమి. ఎక్కడెక్కడఁ బెఱికెనో వాఁడే చూపెను; అక్కడక్కడనే నాఁటితిమి. ఆ ముసలమ్మగారు గట్టుమీఁదఁ గూర్చుండి, "పచ్చడిమొక్క నాటడానికి ఇంత దూరం వచ్చారా అయ్యా?" అని నవ్విరి. మఱుసటి సంక్రాంతికి లెక్కపెట్టఁగా 21 బ్రదికియుండెను. ఒకదానికి జంటకాయలు కొమ్ములవలె నిలిచియుండెను. బాలుఁడు చేయి చాఁచి, మా మొగము చూచి, వెనుకకుఁ దీసికొనెను. కాయ పండి పగిలినచో జిల్లేడుగింజలవలె దూది పట్టుకొని యెగురునని చెప్పితిమి. సెలవులు ముగియవచ్చినవి గనుక, పగిలిననాఁడు కబురు చేయుమని ముసలమ్మగారికిఁ జెప్పి వచ్చితిమి.