అవతారమా, బంధుత్వమా?

సికింద్రాబాద్ హాస్టళ్లలో ఉండి చదువుకునే మన పిల్లలు స్నేహితులతో కలిసి యాదగిరిగుట్టకు వెళ్లి వస్తుంటారు. దూరం సుమారు 60 కిలోమీటర్లు. అక్కడి స్వామిది సింహం తల, మనిషి ఒళ్లు. ఆయన ఐదు రూపాల్లో వెలిశాడంటారు. వాటిలో ఒకటి గండభేరుండం, అంటే రెండు తలల పక్షి. దాని ముందు అందరూ చేతులు జోడిస్తారు. అదే గుంపులో మన పిల్లవాడు 'మా ఇంటిపేరు కిల్లో, అంటే పులి' అని చెబితే నవ్వేవాళ్లుంటారు. జంతువు దేవుడైతే భక్తి, జంతువు చుట్టమైతే వెక్కిరింత! ఈ తేడా ఎక్కడిది?

అవతారం అంటే కిందికి దిగడం. దశావతారాల్లో మొదటి మూడూ చేప, తాబేలు, పంది. నాలుగోది సగం సింహం. నాలుగింటికీ తెలుగు నేల మీద గుళ్లున్నాయి. నాగలాపురంలో మత్స్యం, శ్రీకూర్మంలో కూర్మం, తిరుమల పుష్కరిణి ఒడ్డున వరాహం, అహోబిలంలో నరసింహుడు. దేవుడు పందిగా కూడా వచ్చాడంటే ఏ ప్రాణీ తక్కువది కాదని అర్థం కదా అని భక్తులు అంటారు. ఆ మాటలో నిజం ఉంది. కానీ దిగినవాడు పని కాగానే పైకి వెళ్లిపోతాడు. పంది మాత్రం ఇక్కడే, ఒక తిట్టుగా మిగిలిపోతుంది.

మన పద్ధతి వేరు. పాడేరు, అరకు కొండల్లో కిల్లో వారికి పులి, వంతాల వారికి పాము, పాంగి వారికి గద్ద, గొల్లోరి వారికి కోతి, కిముడు వారికి ఎలుగుబంటి, మత్స్య వారికి చేప. ఒకే జంతువు పేరున్నవాళ్లు అన్నదమ్ములు, వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. ఇక్కడ ఎవరూ పైనుంచి దిగిరాలేదు. ఆ జంతువు మొదటినుంచీ మన మనిషే.

చేప కథను పాత రూపంలో చదివితే ఈ భావం అక్కడా కనిపిస్తుంది. శతపథ బ్రాహ్మణంలో మనువు చేతులు కడుక్కునే నీళ్లలో ఒక చిన్న చేప దొరుకుతుంది. పెద్ద చేపలు తనను మింగేస్తాయని, తనను సాకితే రాబోయే వరద నుంచి కాపాడతానని అంటుంది. మనువు దాన్ని ముందు కుండలో, తర్వాత గుంటలో పెంచి, ఎదిగాక సముద్రంలో విడుస్తాడు. వరద వచ్చినప్పుడు చేప అతని పడవను ఉత్తరాన కొండకు చేరుస్తుంది. ఆ చేప విష్ణువని అక్కడ లేదు. ఆ మాట తర్వాతి పురాణాలు చెప్పాయి. పాత కథలో ఉన్నది ఒప్పందం. ముందు మనిషి కాపాడాలి, ఆ తర్వాతే జంతువు కాపాడుతుంది. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారన్న తగువు మనకెందుకు? ఆ ఒప్పందాన్ని ఎవరు నిలబెడుతున్నారన్నదే ప్రశ్న.

నల్లమల చెంచులు అవతారాన్నే బంధుత్వంలోకి తెచ్చుకున్నారు. హిరణ్యకశిపుణ్ణి చంపినా కోపం చల్లారని నరసింహుడు అడవికి వచ్చి చెంచు పిల్లను పెళ్లాడాడని వాళ్ల కథ. అందుకే ఆయన వాళ్లకు అల్లుడు. కనుమ నాడు మొదలయ్యే అహోబిలం పారువేటలో ఉత్సవమూర్తి సుమారు 40 రోజులు ఊళ్లు తిరిగి తన పెళ్లికి పిలుస్తాడు. అల్లుడంటే పండక్కి వచ్చిపోయేవాడు మాత్రమే కాదు, అత్తింటి కష్టసుఖాలు పట్టించుకోవలసినవాడు. ఆ స్వామిని కొలిచే సమాజం మీద కూడా ఆ బాధ్యత ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా చెంచులు తమ అడవిలో పరాయివాళ్లలా బతకాల్సి వస్తే, ఆ చుట్టరికం పాటకూ పల్లకికే పరిమితమైనట్టు.

ఈ ప్రశ్న మనకూ వర్తిస్తుంది. పులి మా చుట్టం అంటూనే ఉచ్చు బిగిస్తే, చేప మా పేరు అంటూనే వాగులో మందు కలిపితే, మనదీ ఉత్త పేరే అవుతుంది. నగరానికి వచ్చి ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి దాచుకుంటే, ఆ పేరుతో పాటు వచ్చిన కట్టుబాటు కూడా మరుగున పడుతుంది.

ఉపాధ్యాయులు దశావతారాల పాఠం చెప్పే రోజున, పిల్లల్ని వాళ్ల ఇంటిపేరులో ఏ జంతువు ఉందో, దానికి వాళ్లు ఏం బాకీ ఉన్నారో కూడా అడగాలి. తెలియకపోతే ఇంటికెళ్లి అవ్వనడిగి రమ్మనాలి.